లాగ్‌కు రెండో డెస్టినేషన్

ఉదయం తొమ్మిదింటికి డోర్నకల్ ప్లాట్‌ఫాం మీద వెంకట్రాజాన్ని కాల్చేశారు. పాపం, చేతిలో టీ ఇంకా సగం కూడా కాలేదు. విదేశీ ముఠా మీద సాక్ష్యం చెప్తామని ముందుకొచ్చిన నలుగురిలో ప్రాణం పోయిన మూడో మనిషి ఇతను. ఇక మిగిలింది ఏటూరునాగారంలో దాక్కున్న ఇమాం పాషా ఒక్కడే.

పదిన్నరకు ఏజెంట్ సదానందం ఏసీ మెకానిక్ వేషంలో మడికొండ ఐటీ పార్కులోకి అడుగుపెట్టాడు. సాక్షుల ఫోన్లను కాపలా కాసే రహస్య సర్వర్ అక్కడే ఉంది. ఎవరు ఎక్కడున్నారో అది నిమిషనిమిషం లాగ్‌లో, అంటే తన చిట్టాలో, రాసుకుంటుంది. ఆ లాగ్ ఒక్క ఫైల్‌లోకే పోవాలి. కానీ అదే లాగ్ ఇంకోచోటికీ పోయేలా, నడుస్తున్న సర్వర్‌కే ఎవరో రెండో డెస్టినేషన్ తగిలించారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, అక్కడి ఇంజనీర్ తబస్సుమ్ అరగంట తిరక్కుండానే ఆ దొంగదారిని కనిపెట్టేసింది. పోగైన లాగ్ గంటకోసారి దేశం దాటుతోంది. పాషాను పది దాటాకే కొత్త ఇంటికి మార్చారు, పదకొండుకు ఆ ఇంటి అడ్రస్ పోతుంది. సర్వర్ ఆపుదామంటే, ఫీల్డ్‌లో ఉన్న ఏజెంట్లందరికీ కాంటాక్ట్ తెగిపోతుంది.

పదీ యాభై ఎనిమిదికి ప్రాజెక్ట్ హెడ్ ప్రేమలత వచ్చింది. గంధం రంగు చీర, ఖరీదైన సెంటు. ఈ లాగింగ్ కోడంతా ఆమె రాసిందే.

"ఇంకేం చూస్తాండ్రు? డెస్టినేషన్ రిమూవ్ కొట్టుండ్రి," అంది.

సదానందం వేలు కీబోర్డ్ మీదే ఆగింది. రిమూవ్ కొడితే, అప్పటిదాకా పోగైందంతా పంపేసి మరీ మూసుకుంటుందని తబస్సుమ్ ముందే హెచ్చరించింది. కోడ్ రాసిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

తబస్సుమ్‌కు సైగ చేశాడు. ఆమె డెస్టినేషన్‌ను తీయకుండా, దాని అడ్రస్ మార్చి తన లాప్‌టాప్‌కు తిప్పింది. అప్పటికి పదకొండుకు రెండే సెకన్లు.

"పోయింది మేడం," అన్నాడు సదానందం. "పాషా అడ్రస్ తీసేసి హన్మకొండల మీ ఇంటి అడ్రస్ పెట్టినం."

ప్రేమలత కుర్చీ పట్టుకుంది. "మా అమ్మ ఒక్కతే ఉన్నది ఇంట్ల. వాళ్లు చంపుతరు."

"ఎవరు చంపుతరు?"

ప్రేమలత ఫోన్ తీసి అమ్మకు కలపబోయింది.

లాగ్ తబస్సుమ్ లాప్‌టాప్ దాటలేదని, అమ్మకేం ఫికర్ లేదని చెప్పి సదానందం బేడీలు వేశాడు. వెంకట్రాజానికీ ఒక అమ్మ ఉందన్నాడు.

పోతూ పోతూ లాగ్ పోవాల్సిన అసలు ఫైల్ తెరిచి చూశాడు. పదకొండు గంటలకు సర్వర్ తన గురించి రాసుకున్నది ఒకే ఒక్క లైను: అంతా సవ్యం, ఎర్రర్లు లేవు.