సవతి చూపు

ఆ వానాకాలం మా గైబీ నగర్ గల్లీలో ఆడవాళ్లందరికీ ఒకటే భయం. ఎవరిదో చిన్న డ్రోన్ తిరుగుతోందని, స్నానాల గదుల్లోకి కూడా తొంగిచూస్తోందని పుకారు. కిటికీలకు పాత చీరలు కట్టారు. పక్కింటి ఆగమ్మ చీపురు పట్టుకుని మేడ మీద కాపలా కూర్చునేది. నేనూ అందరితో కలిసి ఆ డ్రోన్ వాణ్ణి నోరారా తిట్టాను, మా కిటికీకీ చీర కట్టాను. ఆ అగ్గిపెట్టెంత డ్రోన్ మాత్రం నేను చాటుగా కొన్నదే, మా బియ్యం డబ్బాలోనే ఉంది. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే.

నాకు పరాయివాళ్ల స్నానాలతో పనేముంది? నా మొగుడు సదానందం ఎవరిని చూసి నవ్వుతున్నాడో తెలియాలి, అంతే.

నేను ఆయనకు రెండో పెళ్లాన్ని. మొదటి ఆమె కోమల్, జ్వరంతో పోయింది. మా వాళ్లలో చనిపోయిన సవతి పేరున వెండి బిళ్ల చేయించి రెండో ఆమె మెడలో కడతారు. కొత్త చీర కొంటే ముందు ఆ బిళ్లకు చూపించాకే ఒంటికి తగలాలి. బతికున్న సవతితో అయితే జుట్టు పట్టుకుని కొట్లాడొచ్చు, చచ్చినదానితో ఎలా? ఆయన నన్ను దగ్గరికి తీసుకున్నప్పుడల్లా కళ్లు ముందుగా ఆ బిళ్ల మీదే వాలేవి. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు తెంపి వరాలా తలావ్ చెరువులో పారేసి, ఎక్కడో జారిపోయిందని చెప్పాను.

మా అత్త లక్ష్మవ్వ ముఖం పాలిపోయింది. "మెడల ఉన్నన్ని దినాలు ఆమె నీకు కావలి ఉంటది బిడ్డా. తీస్తే ఇంకో జాగ దేవులాడుకుంటది" అంది.

అప్పటి నుంచే ఆయన మారాడు. డ్యూటీ అయ్యాక కూడా మా ఇంటి ఎదురు మగ్గాల కార్ఖానాలోనే ఉండేవాడు. ఇంటికొస్తే ముఖంలో నవ్వు, ఆ నవ్వు నా కోసం కాదు. అక్కడ నూలు కండెలు చుట్టే పూనం మీద నాకు అనుమానం.

ఆ సాయంత్రం సన్నగా వాన. మేడ మీద రేకుల కింద కూర్చుని, ఫోన్‌లో చూసుకుంటూ డ్రోన్‌ను ఎదురు కార్ఖానా వెంటిలేటర్‌లోంచి లోపలికి పంపాను. మగ్గాల మోతలో దాని రొద ఎవరికి వినపడుతుంది? నూనె వాసన, తడిసిన నూలు వాసన గల్లీ దాటి నా దాకా వస్తున్నాయి. ఫోన్‌లో బొమ్మ తప్ప మాట రాదు. రాకపోతే ఏం, మగ్గాల మధ్య పెరిగినవాళ్లం. ఆ చప్పుడులో పెదాలు చూసే మాట్లాడుకుంటాం.

పూనం దూరంగా, వీపు తిప్పి తన పని తాను చేసుకుంటోంది. ఆయన మాత్రం మగ్గం పక్కనున్న ఖాళీ స్టూలు వైపు చూసి నవ్వుతున్నాడు. ఆయన పెదాలు కదిలాయి.

"ఇంటికి ఎప్పుడొస్తవ్?"

ఆగాడు. విన్నాడు. తల ఊపాడు... భయం కంటే ముందు నాకు కడుపు మండింది. నన్ను ఒక్కనాడూ అలా బతిమాలలేదు. డ్రోన్‌ను ఇంకా కిందికి దించాను.

ఆయన నవ్వు ఆగింది. ఎవరో చెప్పినట్టు తలెత్తి సూటిగా కెమెరాలోకి చూశాడు.

"అగో... మీదికెల్లి చూస్తున్నది."

డ్రోన్‌ను వెనక్కి లాగాను. వచ్చి నా ఒళ్లో పడింది. ఆపేశాను. రెక్కలు ఆగాయి.

ఫోన్‌లో బొమ్మ ఆగలేదు.

మా మేడ... రేకులు... వాటి కింద కూర్చున్న నేను. ఎవరో ఎదురుగా కూర్చుని చూస్తున్నట్టు. తలెత్తాను. వాన తప్ప ఎవరూ లేరు. మగ్గం నూనె వాసన మాత్రం నా ముక్కు దగ్గరే ఉంది.

నా పెదాలు బిగించి ఉన్నాయి. ఫోన్‌లో నా పెదాలు కదులుతున్నాయి... మెల్లగా, నాకు అర్థమయ్యేలా.

"నువ్వు చూసింది చాలు రోజా. ఇగ జరుగు."

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆయన తడిసి వచ్చాడు. పెళ్లయిన నాటి నుంచి నేను ఆశపడ్డ చూపుతో నా ముందు కూర్చున్నాడు. పెదాలతోనే అడిగాడు.

"వచ్చినవా?"

కాదు, నేను రోజాను అని అరవబోయాను. ఔనన్నట్టు నా తల ఊగింది. చెయ్యి లేచి ఆయన ముఖం మీది వాననీళ్లు తుడిచింది. ఆ చేతిని ఆపాలని ఎంత పెనుగులాడానో నాకే తెలుసు.

ఇప్పుడు నాకు ఇద్దరూ కనపడుతున్నారు. కొంచెం పైనుంచి, వాన అవతలి నుంచి. కోమల్ నా ముఖంతో నవ్వుతోంది, ఆయన ఏదో చెబుతున్నాడు. మాట మాత్రం ఒక్కటీ వినపడదు.