అన్నయ్య బండి ఏసీ

మధ్యాహ్నం రెండు గంటలకి రేకుల షెడ్డు కింద ఆ పెద్ద లారీ ఒక్కటే మిగిలింది. తతిమ్మా బళ్ళన్నీ లోడుకి వెళ్ళిపోయాయి. ఏసీ మెకానిక్ పనిముట్ల సంచీ, గ్యాసు లాగే మిషన్ కింద పెట్టి, బండి ముందు కాసేపు ఊరికే నిలబడ్డాడు. రెండు నెలలుగా కదలని బండి. అద్దం మీద వేలితో పేరు రాయగలిగేంత దుమ్ము.

అది అతని అన్నయ్య బండి. వేసవి మొదట్లో ఒకరోజు సిమెంటు గోడౌన్ బయట లోడు కోసం ఆగి, దుమ్ము పడలేక అద్దాలెత్తుకుని, సీటు వెనక బెర్తు మీద నడుం వాల్చాడు అన్నయ్య. మళ్ళీ లేవలేదు. వడదెబ్బ అన్నారు.

ఆ పొద్దున అన్నయ్య ఇతనికి ఫోన్ చేశాడు. "ఏసీ వేడిగాలి కొడుతోందిరా. ఓసారి వచ్చి చూస్తావా?" అని. ఇతను, "చేతినిండా పనుంది అన్నయ్యా, రేపొస్తా" అన్నాడు. ఆ సంగతి ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు.

వదిన తాళాలు పట్టుకుని వచ్చింది. "రేపట్నించి కొత్త డ్రైవరు వస్తాడు. ఏసీ బాగుపడందే ఈ బండిని గేటు దాటనివ్వను" అంది, ఎటో చూస్తూ. మనిషి పోయిన దగ్గర్నుంచీ మరిదితో మాట్లాడితే అలాగే మాట్లాడుతోంది. ఎందుకో అతను అడగలేదు. అడిగితే తన సంగతి బయటపడుతుందని భయం.

ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ ఆన్ చేసి, గ్యాసు గొట్టాలకి మీటర్లు తగిలించాడు. వదిన స్టూలు మీద కూర్చుని ముల్లు చూస్తోంది.

"నీలం మీటరు ముల్లు సున్నా కిందికి పోతోంది."

"గ్యాసుంది వదినా, దానికి దారే లేదు. గొట్టం ఎక్కడో మూసుకుపోయింది."

గొట్టం వెంట చెయ్యి జరుపుకుంటూ పోయాడు. అడ్డం ఉన్న చోటుదాకా వేడిగా ఉంటుంది, అది దాటగానే చల్లబడుతుంది. చేతికి తెలియాల్సింది ఆ తేడానే. రేడియేటరు ముందు జాలీ దగ్గర వేడి. ఫిల్టరు డబ్బాకి అటూ ఇటూ వేడే. గొట్టం అక్కణ్ణించి క్యాబిన్‌లోకి దూరింది. ఇక ఎక్కక తప్పలేదు.

లోపల పాత రగ్గు వాసన, ఉడికిన రెక్సిన్ వాసన. బెర్తుకి అడ్డంగా పరదా వేసి ఉంది. అటు చూడకుండా డాష్‌బోర్డు కిందికి ఒరిగి టార్చి వేశాడు. గొట్టం చివర ఉన్న వాల్వు తెల్లగా మంచు పట్టి ఉంది. దొరికింది.

అప్పుడు వినబడింది. పరదా వెనక ఊపిరి.

బరువుగా, నోటితో తీస్తున్న ఊపిరి. బ్లోయర్ చప్పుడనుకుని దాన్ని ఆపాడు. వేడిగాలి ఆగింది. ఊపిరి ఆగలేదు.

"ఇంకా రాలేదా…"

వీపు మీద చెమట ఒక్కసారిగా చల్లబడింది. "వదినా, పిలిచారా?" అన్నాడు గొంతు తగ్గించి.

"లేదే" అంది ఆవిడ బయట్నుంచి.

చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. దిగిపోవచ్చు. ఒక్క అడుగు. కానీ ఆ గొంతు అతనికి తెలుసు. చిన్నప్పుడు జ్వరమొస్తే మంచినీళ్ళు అడిగిన గొంతు.

దిగాడు. ఇంజిన్ ఆపి, గ్యాసు మిషన్లోకి లాగాడు. మళ్ళీ ఎక్కాడు.

వాల్వు నట్లు బిగుసుకుపోయాయి. రెంచి రెండుసార్లు జారింది. వెనక ఊపిరి నెమ్మదిస్తోంది. ఒకటి… చాలాసేపటికి ఇంకొకటి… మధ్యలో ఏమీ లేదు. ఆ ఖాళీలో అతనూ ఊపిరి తీయలేకపోతున్నాడు. చెమటో కన్నీళ్ళో, కళ్ళు కనబడటం లేదు.

"వచ్చాను అన్నయ్యా… పడుకో… ఇదిగో, అయిపోయింది…"

వాల్వు ఊడింది. దాని జాలీ నిండా నల్లటి పొట్టు, పాత గొట్టం లోపల్నించి రాలింది. సంచీలోంచి కొత్తది తీసి బిగించాడు. మిషన్ ఆన్ చేసి వచ్చాడు; గొట్టాల్లో గాలంతా అది లాగేయడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఆ ఉక్కలో పరదాకి వీపు పెట్టుకుని కూర్చున్నాడు. వెనక్కి తిరగలేదు. దిగనూ లేదు.

చివరికి గ్యాసు నింపి, ఇంజిన్ స్టార్ట్ చేసి బ్లోయర్ తిప్పాడు. వేడిగాలి గోరువెచ్చనయింది, తర్వాత చల్లనయింది. పరదా మెల్లిగా ఊగింది. బెర్తు మీద ఎవరో అటు తిరిగి పడుకున్నట్టు రెక్సిన్ కిర్రుమంది.

ఇక ఊపిరి వినబడలేదు.

పరదా తీశాడు. మడతపెట్టిన రగ్గు ఒక్కటే ఉంది.

వదిన వచ్చి పక్క సీట్లో కూర్చునేసరికి అతను స్టీరింగుకి తల ఆనించి ఉన్నాడు. ఇక దాచలేకపోయాడు. "ఆ రోజు అన్నయ్య నన్ను రమ్మన్నాడు వదినా. నేను రాలేదు."

వదిన రెండు నెలల తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"రాకపోవడమేమిటి?"

"రేపొస్తానన్నాను. ఆ గోడౌన్ వైపే రాలేదు."

చల్లగాలికి ఆవిడ చెంగు కదులుతోంది.

"ఆ మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు" అంది. "అదే ఆఖరు. 'తమ్ముడొచ్చాడు, కింద కూర్చుని ఏసీ బాగుచేస్తున్నాడు, కాస్త కునుకు తీస్తా' అన్నారు. నువ్వు పని సగంలో వదిలేసి వెళ్ళావనుకున్నాను. అందుకే నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను."

"నేను కాదు వదినా."

"నేనూ విన్నాను కదయ్యా. ఇనుము మీద ఇనుము తగులుతున్న చప్పుడు, దాని వెనక ఎవరో ఏడుస్తున్నట్టు…" ఆవిడ పరదా వైపు తిరిగింది. "ఎవరండీ అది అనడిగాను. 'వాడేనే. ఎందుకేడుస్తున్నావురా అంటే చెప్పడు, వెనక్కి తిరిగి నా మొహం కూడా చూడడు' అన్నారు."