వరసలో మొదటి పేరు

మెట్లెక్కి వచ్చిన యువకుడు గుమ్మం బయటే ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు. మళ్ళీ తొడుక్కున్నాడు. మళ్ళీ విడిచాడు. లోపల టైపు మిషన్ ముందు కూర్చున్న సుధామయి ఇదంతా చూస్తూనే ఉంది. తార్నాకలో ప్రైవేటు డిటెక్టివ్ ఫిలిప్ ఆఫీసుకి వచ్చేవాళ్ళలో సగంమంది ఆ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోబోతారు.

"లోపలికి రండి. ఆయన కరవరు," అంది.

ఫిలిప్ నవ్వలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, అతను తాగేదాకా ఊరుకున్నాడు.

"సార్, నా పేరు జోసెఫ్. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఫిజిక్సులో రీసెర్చి చేస్తున్నాను. నేను తప్పు చేశానో లేదో నాకే తెలియడం లేదు. అది మీరు కనుక్కోవాలి."

అది 1998. క్యాంపస్‌లో ఈమెయిల్ అడ్రసు ఉన్నవాళ్ళు ఆ సంగతి అడక్కపోయినా చెప్పుకునే రోజులు. జోసెఫ్, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు వెంకటసుబ్బారావు, టైపిస్టు రాహేలు కలిసి ఈమెయిల్లో ఇంగ్లీషు పాఠాలు పంపుతున్నారు. కోచింగ్ సెంటర్లో పిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడే పెద్దవాళ్ళ కోసం పెట్టిన చదువు అది. ఎవరు చేరారో ఇంకొకరికి తెలియనివ్వం అన్నది వాళ్ళిచ్చిన మాట.

"మాస్టారు పాఠం రాస్తారు, రాహేలు అక్క టైపు చేస్తుంది, పంపేది నా ప్రోగ్రాం," అన్నాడు జోసెఫ్. "చేరగానే స్వాగతం ఉత్తరం. తరవాత వారానికో పాఠం. అభ్యాసం రాసి పంపనివాళ్ళకి నొప్పించకుండా ఒక గుర్తు చేసే ఉత్తరం. ఎవరు ఎప్పుడు చేరారో చూసుకుని, ఎవరి పాఠం వాళ్ళకి విడిగా, దానంతటదే వెళ్తుంది. ఏది ముందు, ఏది వెనక అని నెలలపాటు గోడ మీద గీసుకుని ప్లాన్ చేశాను సార్."

"మరి ఏమైంది?"

"శనివారం మధ్యాహ్నం ఒకే పాఠం అందరికీ ఒక్కసారిగా వెళ్ళింది. సభలో మనల్ని మనం పరిచయం చేసుకోవడం ఎలా అని. దాని నెత్తిన అందరి పేర్లూ, అడ్రసులూ వరసగా ఉన్నాయి. అందరికీ అందరూ తెలిసిపోయారు." అతను ఖాళీ గ్లాసు పక్కన పెట్టాడు. "మొదటి పేరు బాటనీ లెక్చరర్ లచ్చయ్య గారిది. సోమవారం ఆయన క్లాసుకి వెళ్ళేసరికి బోర్డు మీద 'మై నేమ్ ఈజ్ లచ్చయ్య, ఐ యామ్ ఎ టీచర్' అని రాసిపెట్టారు. ఆయన సుద్దముక్క అక్కడే పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు."

ఉత్తరం వెళ్ళింది జోసెఫ్ క్యాంపస్ అకౌంట్ నుంచి. మర్నాడు పొద్దున కంప్యూటర్ సెంటర్ కమిటీ కూర్చుంటుంది. తప్పు అతనిదని తేలితే అకౌంటూ పోతుంది, ఫెలోషిప్పూ ఆగిపోతుంది.

"మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనొక్కణ్ణే సార్. ఏ మొహంతో ఇంటికి పోను?"

ఉత్తరం ప్రింటు తెచ్చాడు. సుధామయి అందుకుని ఒకసారి కిందిదాకా చూసి ఫిలిప్‌కి ఇచ్చింది. ఇస్తున్నప్పుడు ఆమె బొటనవేలు పేర్ల చివర నొక్కి ఉంది. ఫిలిప్ ఆ వేలు చూశాడు. కాగితం పైఅంచు పట్టుకుని తీసుకున్నాడు.

"ఈ పేర్ల వరస మీ ప్రోగ్రాంలోదేనా?"

"కాదు సార్. ప్రోగ్రాంలో చేరిన వరసలో ఉంటాయి. ఇక్కడ కలగాపులగంగా ఉన్నాయి. ప్రోగ్రాం చెడిపోయిందనడానికి ఇదే సాక్ష్యం అంటున్నారు కంప్యూటర్ సెంటర్ వాళ్ళు. అయితే ఒకటి, నా ప్రోగ్రాం ఒకరికి పంపిన పాఠం మళ్ళీ వాళ్ళకి పంపదు. ఈ పాఠం సగంమందికి ఇంతకుముందే వెళ్ళింది. ఈ మాట చెప్తే ఎవరూ వినడం లేదు. రోజూ వాళ్ళనేది వినీ వినీ, నేనే ఎక్కడో పొరపాటు చేశానేమో అనిపిస్తోంది."

* * *

పాఠాల ఆఫీసు తార్నాకలోనే, ఒక దర్జీ దుకాణం పైన ఒంటి గది. ఒక కంప్యూటరు, ఒక ఫోను, గోడనిండా జోసెఫ్ గీసిన గళ్ళు. రాహేలు ఫిలిప్‌నీ సుధామయినీ చూడగానే లేచింది.

"నన్నడగడానికే వచ్చారని నాకు తెలుసు. అడగండి."

"శనివారం మధ్యాహ్నం ఎక్కడున్నారమ్మా?"

"మెట్టుగూడలో, మా చర్చి స్త్రీల కూడికలో. పాట నేనే ఎత్తుకోవాలి. నేను లేకపోతే తలా ఒక శ్రుతిలో పోతారు. కావాలంటే పాస్టరమ్మ గారిని అడగండి."

రోడ్డు తవ్వినప్పుడు తీగ తెగి, ఆ వారమంతా ఫోను పని చెయ్యలేదని చెప్పింది. ఈమెయిల్ వెళ్ళేది ఆ ఫోను తీగ మీదే కాబట్టి ప్రోగ్రాం ఏమీ పంపలేకపోయింది. శనివారం ఆమె బయలుదేరబోతుంటే ఫోను బాగయింది.

"గది తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

"మా ముగ్గురి దగ్గరా."

"ప్రోగ్రాం లేకుండా చేత్తో పంపడం ఎవరికి వచ్చు?"

"ముగ్గురికీ వచ్చు. జోసెఫ్ ఊరెళ్తే ఎవరో ఒకరు చూసుకోవాలి కదా, మాస్టారికి నేనే నేర్పాను. పేర్లు పెట్టడానికి తెర మీద రెండు గళ్ళుంటాయి. ఒకటి అందరికీ కనిపించేది. రెండోది చాటు గడి, అందులో పెడితే ఎవరికీ కనిపించవు. చాటు గడిలోనే పెట్టాలని మరీమరీ చెప్పాను."

ఫిలిప్ ప్రింటు ఆమె ముందు పెట్టాడు. "ఇందులో ఎవరెవరు ఏం చేస్తారో చెప్పగలరా?"

"చేర్చుకునేది నేనే కదండీ. లచ్చయ్య గారు లెక్చరరు. రెండో ఆయన పేరయ్య గారు, హాస్టల్ వాచ్‌మన్. ఆఫీసు గుమాస్తా ఆయన పేర అడ్రసు పెట్టించి, పాఠాలు ప్రింటు తీసి ఇస్తాడు. మూడో ఆయన సూపరింటెండెంటు. తరవాత లైబ్రరీ ఆవిడ..." ఆమె చివరికి వచ్చి, సుధామయి వైపు చూసి, కాగితం మడిచేసింది. "మిగతావాళ్ళు చిన్నవాళ్ళు."

* * *

లచ్చయ్య క్వార్టరు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చాలాసేపటికి తలుపు తీశాడు.

"ఏంది సార్, మీరు గూడ ఇంగ్లీషు నేర్సుకోనీకి వచ్చిండ్రా?"

"లేదండీ. ఎవరు చేశారో కనుక్కోవడానికి వచ్చాం."

"కనుక్కొని ఏం జేస్తరు? బోర్డు మీద రాసింది నా కండ్ల నుంచి తుడుస్తరా?" కుర్చీలు చూపించి తను నిలబడే ఉన్నాడు. "తెలుగు మీడియంల చదివిన సార్. మొక్క సంగతి అడుగున్రి, లాటిన్ పేరు నోటికొస్తది. గని పదిమంది ముంగట నిలవడి నా గురించి ఇంగ్లీషుల చెప్పుమంటే నాలుక ఎండుకపోతది. వచ్చే నెల సెమినార్ ఉన్నది, బయటి దేశపోళ్ళు వస్తరు. నలుగురిల నవ్వులపాలు గావద్దని చేరిన. ఇప్పుడు ఏమైంది? నా క్లాసుల్నే నవ్విండ్రు."

"మీకెవరి మీదైనా అనుమానం ఉందా?"

"గా టైపు చేసే ఆమెతోని ఒకసారి లొల్లి అయింది. నా పరీక్ష పేపర్ తప్పులు కొట్టిందని గట్టిగ అన్న. లేకుంటె నా పేరే మొదలు ఎందుకుండాలె? నడుమల ఎక్కడన్న ఉంటె ఎవడు చూస్తుండె?" తలుపు వైపు నడిచాడు. "రేపు హెడ్‌కు చెప్పి నౌకరి ఇడిసిపెడుత. మీరు జర పోన్రి సార్. ఎవలన్న చూస్తే గది గూడ కథనే అయితది."

* * *

నల్లకుంటలో వెంకటసుబ్బారావు మాస్టారు మనవరాలి పెళ్ళి శుభలేఖల మీద పేర్లు రాస్తున్నాడు. ఇద్దరినీ చూడగానే లేచి నిలబడ్డాడు. పేర్లు తెలుసుకుని, "రండి ఫిలిప్ గారూ, కూర్చోండి సుధామయి గారూ," అన్నాడు. తనని గారూ అని పిలిచిన పెద్దవాళ్ళు సుధామయికి వేరే ఎవరూ గుర్తు రాలేదు.

"ఇన్నీ చేత్తోనే రాస్తున్నారా?" అడిగాడు ఫిలిప్.

"మావాడు అచ్చు వేయించిన చీటీలు తెచ్చాడండీ, అంటించేస్తే సరిపోతుందని. తిప్పి పంపించాను. పేరు పెట్టి రాయకపోతే అది పిలుపేనా? వరస కూడా చూసుకోవాలి. గురువులుంటే ముందు వాళ్ళు. ఆపైన వయసు. ఉద్యోగం సంగతి ఆఖరు." పైనున్న శుభలేఖ తీసి చూపించాడు. "ఇది నాకు అక్షరాలు నేర్పినాయన కొడుక్కి. ఆయనా బడిపంతులే. దీని కింద మా బడిలో గంట కొట్టిన పెద్దాయనకి. హెడ్మాస్టరు ఆయన కన్నా చిన్నవాడు, కాబట్టి ఆయన కింద."

"శనివారం మధ్యాహ్నం మీరు ఎక్కడున్నారండీ?"

"ఇక్కడే." కలం సిరాబుడ్డి అంచుకి తగిలింది. "ఇదే పని మీద ఉన్నాను."

తల ఎత్తకుండా అడిగాడు. "జోసెఫ్ ఎలా ఉన్నాడండీ? యంత్రం తప్పని అందరూ అంటున్నారు కదా. యంత్రం తప్పుకి కుర్రాణ్ణి ఏమీ అనరు లెండి."

ఫిలిప్ లేచాడు.

బయట బస్‌స్టాపు దగ్గర సుధామయి ఆగిపోయింది. "సార్, ఆ కాగితంలో చివరి పేరు నాది."

"చూశాను."

"మీ రిపోర్టులన్నీ ఇంగ్లీషులో టైపు చేసేది నేనే కదా. నాకు ఇంగ్లీషు వచ్చనే మీరు పనిలో పెట్టుకున్నారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చేస్తున్నానని మీకు తెలిస్తే..." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "కేసుకి పనికొస్తుందని ఇప్పుడు చెబుతున్నాను. నేను అందరికన్నా ముందు చేరినదాన్ని సార్. అయినా చివర ఉన్నాను."

"చేరినవాళ్ళలో నీకన్నా చిన్నవాళ్ళున్నారా?"

"లేరు. చేరినప్పుడు మాస్టారు ఫోన్లో మాట్లాడారు. అందరితోనూ మాట్లాడతారట. ఊరు, వయసు, పని అన్నీ అడిగారు. మీరే అందరిలో చిన్నవారమ్మా, అన్నారు."

అప్పుడే వచ్చిన బస్సుని ఫిలిప్ ఎక్కకుండా వదిలేశాడు. "నువ్విప్పుడు చెప్పకపోతే నాకు రేపటిదాకా పట్టేది," అన్నాడు. "సాయంత్రం అందరినీ పాఠాల గదికి రమ్మను. లచ్చయ్య గారి దగ్గరికి నేనే వెళ్తాను."

* * *

ఆ చిన్నగదిలో జోసెఫ్, రాహేలు, మాస్టారు ఒక వైపు కూర్చున్నారు. లచ్చయ్య తలుపు దగ్గర, వెళ్ళిపోవడానికి వీలుగా నిలబడ్డాడు.

"ఇది ప్రోగ్రాం చేసిన పని కాదు," మొదలుపెట్టాడు ఫిలిప్. "ప్రోగ్రాం పంపిన పాఠమే మళ్ళీ పంపదు. పేర్ల వరస మార్చదు. ఒక మనిషి ఇక్కడ కూర్చుని ఈ పేర్లు ఒక్కొక్కటిగా కొట్టాడు. పగ ఉన్నవాళ్ళు ఎలా పడితే అలా కొట్టేవాళ్ళు. ఇక్కడ వరస ఉంది. హాస్టల్ వాచ్‌మన్‌ని సూపరింటెండెంటు కన్నా పైన పెట్టినవాళ్ళెవరు? రాహేలు గారు చర్చిలో ఉన్నారు, పాస్టరమ్మ గారిని అడిగాను. జోసెఫ్‌కి ఈ పేర్లు అడ్రసులే తప్ప మనుషులు కారు. ఎవరి వయసెంతో అతనికి తెలియదు."

ఫిలిప్ ప్రింటు తీసి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు.

"ఇందులో పాఠం చెప్పేవారు ఒక్కరే, లచ్చయ్య గారు. అందుకని మొదట ఆయన. ఆ తరవాత వయసు చొప్పున, పెద్దాయన పేరయ్య గారి దగ్గర్నుంచి అందరిలో చిన్నదైన మా సుధామయి దాకా. ఉద్యోగం లెక్కలోకి రాలేదు. ఈ వరస పొద్దున నేనొక శుభలేఖల దొంతరలో చూశాను."

మాస్టారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"వారం నుంచీ పాఠం రాలేదని ఒకరిద్దరు మా ఇంటికి ఫోన్ చేశారు. ఫోను బాగయిందని తెలిసి వచ్చాను. ఎవరికి ఎన్నో పాఠమో నాకు తెలియదు, అందుకని అందరికీ పనికొచ్చేది ఒకటి పంపుదామనుకున్నాను. రాహేలు గారు చెప్పిన చాటు గడి ముందు చాలాసేపు కూర్చున్నాను. పెద్దమనుషుల్ని చాటున పెట్టి ఉత్తరం రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు. పేరు పైన పెట్టి రాశాను. మనమిచ్చిన మాట ఆ నిమిషంలో గుర్తు రాలేదు. అంతే నా బుద్ధికి తోచింది."

"అంటే," అన్నాడు లచ్చయ్య, "నా పేరు అందరికంటె ముంగట వెట్టింది మర్యాదకా?"

"అవునండీ."

"నా ఇన్నేండ్ల ఉమ్మర్ల నాకు అంత మర్యాద ఎవ్వలు చెయ్యలె మాస్టారూ. గా మర్యాదనే నన్ను ఇంట్ల కూసోవెట్టింది." అతను గదిలోకి ఒక అడుగు వేశాడు. "సరే, తెల్వక చేసిండ్రు. దానికి నేనేమన. గని గీ పిలగాడు నా గుమ్మంల నిలవడి ఏడ్సిండు, తప్పు నాదేమో సార్ అని. గప్పుడు మీకు తెలుసు. తెలిసి గూడ పెండ్లి కార్డులు రాస్కుంట కూసున్నరు. గదెట్ల చేసిండ్రు?"

మాస్టారు తల దించుకున్నాడు. మెడ దాకా ఎర్రబడింది.

జోసెఫ్ లేచాడు. "వదిలెయ్యండి సార్. యంత్రం తప్పనే చెప్దాం. మాస్టారు ఈ వయసులో కమిటీ ముందు..."

"కూర్చో జోసెఫ్," అన్నాడు ఫిలిప్. "నీ పని మీద నీకే నమ్మకం పోయేదాకా వచ్చింది. ఇంక అబద్ధం కలపకు."

"ఆయన చెప్పింది నిజం," అన్నాడు మాస్టారు. "మొదటి రోజే చెప్పాల్సింది. నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఇంత చిన్న పని చేతకాలేదా అంటారని నోరు రాలేదు. రెండో రోజు, మొదటి రోజు ఎందుకు చెప్పలేదంటారని భయం. రేపు నేను వస్తాను."

* * *

మర్నాడు కమిటీ గది బయట బల్ల మీద జోసెఫ్ కూర్చున్నాడు. అతనికి ఒక పక్క మాస్టారు, ఇంకో పక్క లచ్చయ్య. లచ్చయ్య వస్తాడని ఎవరూ అనుకోలేదు. హెడ్ గదికి వెళ్ళే దారిలో ఇక్కడ ఆగానని చెప్పి, కూర్చుండిపోయాడు. ఫిలిప్, సుధామయి మెట్ల దగ్గర నిలబడ్డారు.

అటెండరు జోసెఫ్ పేరు పిలిచాడు. అతనికి బదులు మాస్టారు లేచి లోపలికి వెళ్ళాడు.

సగం తెరిచిన తలుపులోంచి ఆయన ఇంగ్లీషు వినిపించింది. నిదానంగా, ప్రతి మాటా విడిగా. రెండు వాక్యాలు అలా సాగింది. మూడో వాక్యం మధ్యలో ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే ఆగాడు. తరవాత తెలుగులో, "నేనండీ చేసింది. ఆ అబ్బాయి కాదు," అన్నాడు. ఆ పైన మాటలు బయటికి వినపడలేదు.

లచ్చయ్య నేలని చూస్తున్నాడు. సుధామయి మొహం తిప్పుకుంది.

అటెండరు వచ్చి జోసెఫ్‌తో, "నీ అకౌంట్ నీకే ఉంటదట. నువ్వు పోవచ్చు," అన్నాడు. జోసెఫ్ కదల్లేదు. లచ్చయ్యా వెళ్ళలేదు.

మాస్టారు బయటికి వచ్చాడు. ఆయన్ని చూడగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆ మర్యాద అందుకుని వాళ్ళ ముందు నుంచి నడిచి వెళ్ళడం ఆయన వల్ల కాలేదు. గోడ వైపు తిరిగి, అక్కడే నిలబడిపోయాడు.