తుప్పెరగని మరకడ్డీ

మీరు పుట్టలేదు, మీ తాతగారి తాతగారూ పుట్టలేదు. ఆ కాలంలో సముద్రపు ఒడ్డున ఉప్పురేవు అనే రాజ్యం ఉండేది. అక్కడ ఏ బావిలో చేద వేసినా ఉప్పునీళ్ళే. రాజ్యమంతటికీ ఒకే ఒక్క తీయని ఊట, అదీ కొండగుహలో. ఆ గుహకున్న రాతి తలుపును మరకడ్డీ, అంటే బిళ్ళలో తిరిగే మరలున్న ఇనుప కడ్డీ, తిప్పి పైకి లేపేవారు.

ఉప్పుభూతానికి తీయని నీళ్ళంటే ఒళ్ళుమంట. అది ఒకనాడు వచ్చి, "ఈ తలుపుకు తగిలిన ఇనుమల్లా తుప్పుపట్టి రాలుగాక!" అని శపించింది. మరకడ్డీ పొడిపొడిగా రాలి, తలుపు ధనాలున పడింది. లోపల గట్టు బాగుచేస్తున్న కమ్మరి పోలయ్య లోపలే ఉండిపోయాడు.

తలుపు పైన బెత్తెడు సందు ఉంది. అందులోంచి కూతురు నూకాలు కూడు అందించేది.

"కూరలో ఇంత ఉప్పేటే?" అని లోపలినుంచి కేకేసేవాడు పోలయ్య.

"తీపినీళ్ళన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదయ్యా! నానేటి సెయ్యను?"

నవ్వకండి. లోపల ఊటనీళ్ళు రోజుకింత పెరుగుతున్నాయి. అమావాస్య నాటికి పోలయ్య మునిగిపోతాడు. తొమ్మిది ఇనుప కడ్డీలు వేసి చూశారు, తొమ్మిదీ రాలిపోయాయి. అడవి అవతల రాక్షసి దగ్గర తుప్పుపట్టని తెల్ల లోహం ఉందని తెలిసినా, వెళ్ళమనేసరికి సైనికులందరికీ ఒక్కసారిగా జ్వరాలు వచ్చాయి.

"నానెళ్తానయ్యా" అంది నూకాలు.

"కొలిమి తిత్తులూదడానికి తప్ప దేనికీ పనికిరావు, నువ్వెళ్ళి ఏటి సేత్తావే?" అన్నాడు తండ్రి. నూకాలుకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిత్తులూ, సుత్తీ, ఉలులూ, బొగ్గులసంచీ భుజాన వేసుకుని బయలుదేరింది.

అడవి అవతల రాక్షసి కత్తిపీట ముందు కూర్చుని శోకాలు పెడుతోంది.

"మనుషుల్ని తినడం మానేసి కూరగాయలకు దిగాను పిల్లా! ఈ తెల్ల కత్తి తుప్పు పట్టదు, విరగదు, బరువూ లేదు. ఏం లాభం? నాలుగు వంకాయలకే పదును పోతుంది!"

నూకాలు తన ఇనుపకత్తి ఇచ్చింది. "తడి తుడిచి పెట్టుకో రాచ్చసత్తా, లేపోతే తుప్పడతాది."

రాక్షసి మురిసిపోయి, తెల్లటి లోహపు ముద్ద ఒకటి తెచ్చింది. "మా తాత నల్ల ఇసుకను పన్నెండేళ్ళు కాచి తీశాడు. మళ్ళీ అడిగితే నిన్నే వండుకుంటాను" అంది. పిల్లలూ, ఇప్పుడు మనం టైటానియం అంటున్నది దాన్నే. ఇసుకలోంచి దాన్ని తీయడం నేటికీ తేలిక కాదు.

నూకాలు దారిలోనే కొలిమి పెట్టింది. చిన్నప్పటినుంచీ చేసిన పని కదా! సగం ముద్ద నిప్పుల్లో పెట్టి, తన ఒడుపంతా చూపిస్తూ తిత్తులు ఊదింది. సుత్తి వేయగానే ఎర్రగా కాలిన లోహం అప్పడంలా విరిగింది. నూకాలు నేలమీద కూలబడి భోరుమంది.

పక్క గుహలో కుంభక మహర్షి ఊపిరి బిగబట్టి తపస్సు చేసుకుంటున్నాడు. ఆ ఏడుపుకు విసుగెత్తి ఊపిరి వదిలాడు.

"ఆ లోహం ఎర్రగా కాలితే గాలి మింగుతుంది. మింగి పెళుసవుతుంది. నువ్వేమో కడుపునిండా ఊది పెట్టావు! నా గుహలోకి గాలి రాదు. నా తపస్సు వేడికి కాల్చుకో. అన్నట్టు, మరకడ్డీ తిరిగే బిళ్ళ మాత్రం కంచుతో చెయ్యి. ఈ లోహం తనతో తానే రాసుకుంటే కరుచుకుని వదలదు."

మిగిలిన ముద్దతో నూకాలు పనికి కూర్చుంది. మరలు చెక్కుతుంటే పుట్టిన వేడంతా ఉలి మొనలోనే నిలిచిపోయి ఏడు ఉలులు మొద్దుబారాయి. ఆరు రోజుల తర్వాత మహర్షి కళ్ళు తెరిచి చూస్తే, కడ్డీ, బిళ్ళ రెండూ తెల్లగానే ఉన్నాయి.

"కంచుతో కదా చెయ్యమన్నాను?"

"ఇన్నాను సామీ. అందుకే ఇలా సేసినాను."

ఇనుప కడ్డీ మోయడానికి ఇద్దరు కావాలి. దీన్ని నూకాలు ఒక్కతే భుజాన వేసుకుని అమావాస్య నాటి పొద్దున్నే గుహ చేరింది. నీళ్ళు తండ్రి గడ్డం దాకా వచ్చాయి. కరుచుకోకుండా కడ్డీకి దట్టంగా ఆముదం పూసి, బిళ్ళతో సహా తలుపుకు బిగించి తిప్పింది. తలుపు లేచింది, తీయని నీళ్ళు ఉరికాయి, వాటితోపాటు పోలయ్యా బయటపడ్డాడు. నూకాలు వెంటనే కడ్డీమీది ఆముదమంతా గుడ్డతో తుడిచేసింది.

"మూసేస్తా! రెండు తిప్పులకు మూసేస్తా!" అంటూ ఉప్పుభూతం ప్రవాహంలోకే దూకి కడ్డీ పట్టుకుంది. అర తిప్పు తిరిగేసరికి కడ్డీ, బిళ్ళ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. భూతానికి పంతం వచ్చింది. చేతులు కరిగాయి, మోచేతులతో తిప్పింది. అవీ కరిగితే పళ్ళతో పట్టింది. చివరికి కాస్త ఉప్పునీరై సముద్రంలోకి పోయింది.

ఇక ఆ తలుపు ఎన్నటికీ మూతపడలేదు.

రాజుగారు సంతోషించి, "అమ్మాయీ, మా యువరాజును పెళ్ళాడతావా?" అన్నారు.

"తిత్తులూదడం వచ్చా బాబూ ఆయనకి?"

యువరాజు నేల చూపులు చూశాడు. అప్పుడు తడిసి ముద్దైన పోలయ్య ముందుకొచ్చాడు. ఆ తెల్ల మరలను ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు.

"నాకొచ్చు కదే" అన్నాడు. "రేపట్నుంచి సుత్తి నీది. తిత్తులు నానూదుతా."