తెల్లగాజుల తీర్మానం

బ్రేక్!

స్కార్పియో దుమ్ములో గిర్రున తిరిగి ఆగుతుంది. పత్తిచేలో పరుగెడుతున్న సక్కుబాయిని ఇద్దరు లాక్కొచ్చి వెనక సీట్లో పడేస్తారు.

"యాడికి ఉరుకుతవు సర్పంచమ్మా?" రియల్ ఎస్టేట్ బ్రోకర్ సాయిచంద్ నవ్వుతాడు. "నీ మొగుడు మొయినాబాద్ల మా ఫామ్‌హౌస్‌ల ఉన్నడు. నువ్వేమో చేవెళ్ల పోలీసుల దగ్గరికా?"

ఆమె అరికాల్లో ముల్లు దిగింది. నొప్పి తెలియడం లేదు. ఏదీ తెలియడం లేదు.

కారు తండా వైపు దూసుకెళ్తుంది. అక్కడ గ్రామసభ. తండా పశువులు మేసే గుట్టకింది భూమి వెంచర్‌కు ఇస్తామని తీర్మానం... సర్పంచ్ సంతకం... అంతే!

ఎన్నేళ్లు పక్కూరి పంచాయతీ మెట్ల మీద పడిగాపులు కాశారు! ఇప్పుడిప్పుడే తండాకు సొంత పంచాయతీ వచ్చింది. మన తండా మనమే ఏలుకుందామని ఇల్లిల్లూ తిరిగినవాడు ఆమె భర్త రూప్లా.

సాయిచంద్ వీడియో కాల్ చేస్తాడు. రూప్లా మొహం. పగిలిన పెదవి. కణత మీద పిస్టల్!

"చెప్పురా నీ పెండ్లానికి!"

రూప్లా లంబాడీలో రెండే ముక్కలంటాడు.

"తెలుగుల మాట్లాడు!" చెంప పేలుతుంది.

"ఏమన్నడు?" సాయిచంద్ ఆమె వైపు తిరుగుతాడు.

"సంతకం పెట్టుమన్నడు," అంటుంది సక్కుబాయి.

సాయిచంద్ ఫోన్లో పిస్టల్ పట్టినవాడికి చెబుతాడు. "కాల్ కట్ చెయ్యకు. సభల లొల్లి వినవడ్డదా... కాల్చెయ్!"

టెంటు కింద తండా మొత్తం కూర్చుంది. సెక్రటరీ పెన్ను అందిస్తాడు.

ఆమె పెన్ను పక్కన పెడుతుంది. మోచేతి పైన తెల్లగాజులు... పెళ్లినాడు తొడిగినవి. ఒక్కొక్కటే తీసి టేబుల్ మీద పెడుతుంది.

"నగలు మాకెందుకమ్మా? సైన్ చెయ్యి!" సాయిచంద్ విసుక్కుంటాడు.

తండాకు మాత్రం అర్థమైంది. మొగుడు పోతేనే లంబాడీ ఆడది ఆ గాజులు తీస్తుంది!

ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమంటారు. మగవాళ్లు లేచి సాయిచంద్‌ను చుట్టేస్తారు.

"ఏందిది? ఎవలు సచ్చిండ్రని ఏడుస్తున్నరు?"

"నా మొగుడు. ఫోన్ల గాజులు తియ్యుమన్నడు... తీసిన. ఇగ ఎవల్ని చూపిచ్చి బెదిరిస్తవు?"

సాయిచంద్ మొహం పాలిపోతుంది. ఫోన్లోకి అరుస్తాడు. "వద్దురా... ఆగు!"

ఢాం!

ఫోన్లోంచే.

సక్కుబాయి రెప్ప వాల్చదు. తీర్మానం కాగితం నిలువునా చింపుతుంది.

"సభ అయిపోలే సెక్రటరీ సారూ. కొత్తది రాసుకో... భూమి ఇయ్యం."