పెరటి కొలనుకు లోతెంత?

ఆ ఉదయం కూడా కళ్ళజోళ్ళాయన కాఫీ కప్పుతో పెరట్లోకి వెళ్ళి, ఈతకొలను గట్టు మీద నిలబడి, ఆకుపచ్చగా మారిన నీళ్ళకేసి చూసి నిట్టూర్చాడు. సరిగ్గా అప్పుడే గోడకున్న నీలం టైలు ఒకటి ఊడి బుడుంగున నీళ్ళలో పడింది.

“విన్నావా? ఇంకోటి రాలింది!” అని వంటింటి కిటికీ వైపు కేకేశాడు.

“విన్నానండీ. దాని గురించి తర్వాత బెంగపడుదురుగాని, ముందు ఆ కాఫీ తాగండి. చల్లారిపోతుంది” అంది భార్య, దిద్దిన పరీక్ష పేపర్లు సంచీలో సర్దుకుంటూ.

ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. ఆయనది బజారులో కళ్ళజోళ్ళ దుకాణం. ఆ దుకాణంలో కళ్ళు పరీక్షించే అట్ట పక్కనే కూతురి ఫోటో ఉంటుంది. డైవింగ్ బోర్డు మీంచి లేచి, గాల్లో మడుచుకుని, నీళ్ళకి ఇంకా తగలని క్షణం అది. అట్ట మీది అక్షరాలు చదవడానికొచ్చిన వాళ్ళందరూ ముందు ఆ ఫోటో కథ వినాల్సిందే. ఈ ఇల్లు కొన్నది కూడా గదులు చూసి కాదు, పెరట్లో అంత లోతైన కొలను ఉందని. ఆయనకి మాత్రం ఈత రాదు. మోకాళ్ళ లోతు దాటి ఏనాడూ దిగి ఎరగడు.

“ప్రాక్టీసుకి వెళ్ళొస్తా నాన్నా” అంటూ కూతురు బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి గేటు దాటిన కాసేపటికి, కొలను బాగుచెయ్యడానికి పిలిచిన కాంట్రాక్టరమ్మ వచ్చింది. చెవి వెనక పెన్సిలు, చేతిలో చిన్న సుత్తి. గట్టు చుట్టూ తిరుగుతూ, గోడల మీద తడుతూ, డొల్లగా మోగిన చోటల్లా గీత గీసుకుంటూ పోయింది.

“ముందే చెప్తున్నా మేడం, తర్వాత నన్ననొద్దు” అంది. “పాత ప్లాస్టరు కొట్టేటప్పుడు ఇంట్లో ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడదు. కిటికీలు ఎంత బిగించినా దుమ్ము మీ పంచదార డబ్బా దాకా వస్తుంది. గోడ పగలగొడితేగానీ లోపల ఏం పాడైందో తెలీదు. పైపులు పుచ్చిపోయి ఉండొచ్చు. వానొస్తే పని ఆగుతుంది. అన్నీ అయ్యి నీళ్ళు పెట్టాక కూడా వెంటనే దిగడానికి లేదు.”

“మరి దిగేదెప్పుడమ్మా?” అని అడిగారు వరండాలో కూర్చున్న టీచరు అత్తగారు.

“నేను దిగమన్నప్పుడు పెద్దమ్మా.”

“నేనెందుకు దిగుతాను, నాకేం పోయేకాలం! ఊరికే అడిగా.”

కాంట్రాక్టరమ్మ నవ్వి కళ్ళజోళ్ళాయన వైపు తిరిగింది. “సార్, లోతు వైపు అడుగు బాగా దెబ్బతింది. ఎలాగూ కొత్తగా వెయ్యాలి. లోతు తగ్గిస్తే ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు. ఏమంటారు?”

“అంగుళం తగ్గినా ఒప్పుకోను. డైవింగ్ బోర్డు కూడా కొత్తది పెట్టాలి. మా అమ్మాయి సంగతి మీకు తెలీదు” అని ఆయన మొదలుపెట్టేసరికి, టీచరు స్కూలుకి వేళైందని జారుకుంది. ఆ కథ ఎక్కడ ఆగుతుందో ఆమెకి తెలుసు. అసలు ఆగదు.

పని మొదలయ్యాక కాంట్రాక్టరమ్మ చెప్పింది తక్కువేనని అర్థమైంది. నీళ్ళు తోడేసిన రోజు కొలనులో కాపురమున్న కప్పలన్నీ వంటింట్లోకి మకాం మార్చాయి. సుత్తుల హోరులో ఇంట్లో అందరూ సైగలతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఉప్పు కావాలని అత్తగారు సైగ చేస్తే, కళ్ళజోళ్ళాయన గొడుగు తెచ్చిచ్చాడు. టీచరు పంచిన పేపర్లలోంచి తెల్లటి పొడి రాలితే క్లాసంతా తుమ్మింది. అయినా అత్తగారు మాత్రం ముక్కుకి గుడ్డ కట్టుకుని, గట్టు మీద కుర్చీ వేయించుకుని, “ఆ మూల ఇంకా ఉంది బాబూ, ఆ మూల!” అని పనివాళ్ళని నడిపిస్తూ, జీవితంలో ఎన్నడూ లేనంత హుషారుగా కనిపించారు.

కూతురు మాత్రం పెరటి వైపే రావడం లేదు. పొద్దున్నే వెళ్ళిపోతుంది, పనివాళ్ళు వెళ్ళాక వస్తుంది. బోర్డు పొడవు గురించి తండ్రి అడిగితే “నీ ఇష్టం నాన్నా” అంటుంది. టీచరుకి ఆ జవాబు నచ్చలేదు. కాగితం నిండా లెక్క వేసి చివర ఊరికే ఏదో ఒక అంకె రాసేసే పిల్లల్ని ఆమె చాలామందిని చూసింది.

ఒక సెలవు రోజున ఆ అమ్మాయి తొందరగా ఇంటికొచ్చింది. అందరూ గట్టు మీదే ఉన్నారు. కాంట్రాక్టరమ్మ ఆమెని చూడగానే చేతిలో సుత్తి కింద పెట్టేసింది.

“అయ్యో, మీరా! మీరు ఈ ఇంటి అమ్మాయా! మా అమ్మకి నీళ్ళలో నడక నేర్పిన టీచరు ఈవిడే సార్! మోకాళ్ళ నొప్పులతో మంచం దిగనిది, ఇప్పుడు వెల్లకిలా తేలుతోంది. రోజూ పొద్దున్నే క్లాసంటే చాలు, మాకన్నా ముందు తయారు!”

“రోజూ పొద్దున్నేనా?” కళ్ళజోళ్ళాయన నవ్వుతూనే అడిగాడు. “పొద్దున దీనికి డైవింగ్ కదమ్మా. మీరు ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నారో.”

కూతురు తల దించుకుని బ్యాగు పట్టీ సవరించుకుంది. అది చూసి ఆయన నవ్వు మెల్లగా ఆరిపోయింది.

“ఏంటమ్మా ఇది?”

“డైవింగ్ మానేశాను నాన్నా.”

“ఎప్పుడు?”

“చాలా రోజులైంది. పెద్దవాళ్ళకి, నీళ్ళంటే భయమున్న వాళ్ళకి ఈత నేర్పిస్తున్నా. ఉద్యోగం అదే ఇప్పుడు.”

“దెబ్బ తగిలిందా? కోచ్ ఏమైనా అన్నాడా?”

“ఎవరూ ఏమీ అనలేదు. బోర్డు చివర నిలబడితే నాకేమీ అనిపించడం లేదు నాన్నా. సంతోషం సరే, భయం కూడా లేదు. దూకి పైకొచ్చాక నీ మొహం చూసి, ఓహో, బాగా దూకానన్నమాట అనుకునేదాన్ని.”

“మరి రోజూ ఆ బ్యాగు తగిలించుకుని వెళ్ళావే! నాకెందుకు చెప్పలేదు?”

“ప్రతి పోటీకీ తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడేవాడివి. అలా నిలబడ్డ మనిషికి ఎలా చెప్పమంటావ్?” అంది.

ఆయన కాసేపు ఆ పగలగొట్టిన గోతికేసి చూశాడు. తర్వాత కాంట్రాక్టరమ్మతో, “మట్టి పోసి పూడ్చేయండి. మాకు కొలనూ వద్దు, ఏమీ వద్దు” అని లోపలికి వెళ్ళిపోయాడు.

“నా నోరు పడిపోను” అంది కాంట్రాక్టరమ్మ, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని. టీచరు ఆమెని ఓదార్చి, పని ఆపి పంపించింది. పూడ్చమని మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు సుత్తులు లేవు, కానీ ఇంట్లో సైగలే మిగిలాయి. తండ్రీ కూతుళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని, “మంచినీళ్ళు ఇటివ్వమను”, “తీసుకోమను” అని టీచరు ద్వారా మాట్లాడుకున్నారు. ఓ పూటంతా భరించి, “మీ ఇద్దరికీ నేనేమైనా పోస్టాఫీసునా?” అని ఆమె విసుక్కుంది. ఆ సాయంత్రం దుకాణానికి వెళ్ళి, అద్దాలు తుడుస్తున్న భర్త ఎదురుగా కూర్చుంది.

“మీ కోపం అది మానేసినందుకా, చెప్పనందుకా?”

ఆయన తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. “అది గాల్లోకి లేచిందంటే నేనూ లేచేవాణ్ణి. నీళ్ళంటే వణికే నేను, అంత ఎత్తు నుంచి! నీకు తెలీదులే.”

“నాకెందుకు తెలీదు? అందరూ దాన్ని చూస్తుంటే నేను మిమ్మల్ని చూసేదాన్ని.”

ఆయన తలెత్తి చూశాడు.

మర్నాటి నుంచి వానలు పట్టుకున్నాయి. గోతిలో లోతు వైపు మురికినీళ్ళు నిలిచాయి. ఆదివారం మధ్యాహ్నం పెద్ద గాలి లేచి, తక్కువ లోతు వైపు పేర్చిన సిమెంటు బస్తాల మీది పట్టా ఎగిరిపోయింది.

“బస్తాలు! బస్తాలు తడిసిపోతున్నాయి!” అని అత్తగారు వరండాలోంచి అరిచారు. ఎవరు ఎవరితో అలిగారన్న సంగతి మర్చిపోయి అందరూ పరిగెత్తారు. తల్లీ కూతుళ్ళు చెరో కొసా పట్టుకుని ఒక బస్తా గట్టెక్కించారు. కళ్ళజోళ్ళాయన పౌరుషంగా ఒక్కడే ఇంకో బస్తా ఎత్తబోయాడు. కాలు జారింది. ఏటవాలు అడుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారుకుంటూ వెళ్ళి, లోతు వైపు నీళ్ళలో ధబ్బున పడ్డాడు.

“మునిగిపోతున్నా! అయ్యో, మునిగిపోతున్నా!” చేతులు టపటపా కొడుతున్నాడు. కళ్ళజోడు ఎటో పోయింది. టీచరు గట్టు అంచుకి పరిగెత్తింది.

కూతురు అప్పటికే గోతి అంచున కూర్చుని జాగ్రత్తగా జారుతోంది. అరవలేదు, కంగారు పడలేదు.

“నాన్నా, నా గొంతు విను. కొట్టుకోవద్దు. నేను వచ్చేశాను. ఊపిరి వదులు... ఆఁ, అలాగే. ఇప్పుడు మెల్లగా కాళ్ళు కిందికి చాపు. అడుగు తగులుతుంది. తగిలిందా?”

చేతులు ఆగాయి. ఆయన మెల్లగా నిలబడ్డాడు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి.

వరండాలోంచి అత్తగారు, “ఒరేయ్, నడుముల్లోతులో మునిగిపోయిన వాణ్ణి నిన్నే చూశాన్రా!” అన్నారు. టీచరుకి ముందు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది. బస్తా మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. కూతురు ఆపుకుందామని చూసి ఆపుకోలేకపోయింది.

ఆయన మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు లేని కళ్ళతో కూతురి మొహాన్ని దగ్గర్నుంచి చూస్తున్నాడు.

“వాళ్ళతో కూడా ఇలాగే మాట్లాడతావా?”

“ఎవరితో?”

“నీ దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళతో.”

“ఆఁ. ముందు ఊపిరి వదలమంటాను. చాలామంది బిగబట్టుకునే వస్తారు నాన్నా. మొదటిసారి గోడ వదిలేసి నిలబడ్డప్పుడు వాళ్ళ మొహం చూడాలి నువ్వు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. బోర్డు మీద ఎప్పుడూ అలా అనిపించలేదు.”

“నీ మాట వినగానే నా కాళ్ళకి ధైర్యం వచ్చిందమ్మా” అన్నాడు ఆయన. “ఇంత బాగా చేసే పని నా దగ్గర దాచుకున్నావా! నేను చూడకుండానే ఇన్నాళ్ళు గడిచిపోయాయే.” ఆ మాటతో కూతురు ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. వానలో ఎవరి కన్నీళ్ళు ఎవరివో తెలియలేదు. టీచరు కూడా ఇక దాచుకునే ప్రయత్నం చెయ్యలేదు.

ఫోను రాగానే కాంట్రాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. “పూడ్చమంటారా సార్?” అని భయపడుతూ అడిగింది.

“అది మా అమ్మాయిని అడగండి. ఆ అడుగు ఎక్కడిదాకా ఉండాలో, మెట్లు ఎంత వెడల్పుండాలో ఆవిడే చెబుతుంది. నేను ఊరికే పక్కన నిలబడతాను.”

వెడల్పాటి మెట్లు వచ్చాయి, పట్టుకోవడానికి స్టీలు కమ్మీ వచ్చింది. అడుగంతా ఎవరికైనా గుండెలు దాటని లోతుకు పైకి లేచింది. కొత్త ప్లాస్టరు వేశాక, నీళ్ళు పెట్టడం మొదలెడితే మధ్యలో ఆపకూడదనీ, ఆపితే గోడ మీద చార పడిపోతుందనీ కాంట్రాక్టరమ్మ హెచ్చరించింది. ఇంటిల్లిపాదీ వంతులేసుకుని గొట్టానికి కాపలా కాశారు. ఆ తర్వాత ప్లాస్టరు పొడి పేరుకోకుండా గోడలు బ్రష్షుతో రుద్దుతూనే ఉండాలంది. తండ్రీ కూతుళ్ళు పొడుగు కర్రల బ్రష్షులు పట్టుకుని, గట్టుకి చెరో పక్కన నిలబడి రుద్దుతూ, ఎడతెగకుండా మాట్లాడుకున్నారు. క్లాసుకి ఎవరెవరు వస్తారు, ఎవరికి ఏం భయం, ఎవరు ఎంత నవ్విస్తారు అన్నీ ఆయన అడిగి తెలుసుకున్నాడు.

దిగొచ్చని కబురొచ్చిన ఉదయం, నీళ్ళు ఆకాశాన్ని కింద పరిచినట్టున్నాయి. కొత్త నిక్కరు వేసుకుని కళ్ళజోళ్ళాయన మెట్లు దిగాడు. కమ్మీని పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయింది.

“వదులు నాన్నా. నేనున్నా.”

“పట్టుకుంటావుగా?”

“పట్టుకుంటా. నువ్వు వద్దనేదాకా పట్టుకునే ఉంటా.”

ఆయన ఒక్కో వేలూ విప్పి కమ్మీ వదిలాడు. కూతురు రెండు చేతులూ వీపు కింద పెట్టింది. తల వెనక్కి వాలింది, కాళ్ళు తేలాయి. గట్టు మీద టీచరు ఊపిరి బిగబట్టింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరవకుండానే, చాలా చిన్నగా, “వదిలెయ్యమ్మా” అన్నాడు.

కూతురు చేతులు తీసేసింది. ఆయన తేలుతూనే ఉన్నాడు.

ఆ అమ్మాయి తల్లి వైపు తిరిగి చూసింది. దుకాణం గోడ మీది ఫోటోలో ఏనాడూ లేని వెలుగు ఆ మొహంలో ఉంది. టీచరు చెంపలు తుడుచుకుంటుంటే, పక్కనే అత్తగారు చీర కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని మెట్ల వైపు నడుస్తున్నారు.

“అత్తయ్యా, మీరెక్కడికి?”

“వాడే తేలగా లేంది, నేను తేలనా? తప్పుకోవే!” అని ఆవిడ మొదటి మెట్టు దిగారు.