కుంకుమ పెట్టిన మిషను

పొద్దున్నే కాఫీ తాగి చిక్కపేటలోని చీరల అంగడికి బయల్దేరుతున్న వెంకటగిరియప్పను కూతురు శైలజ గుమ్మంలోనే ఆపింది. ఆమె చేతిలో కొత్తగా కొన్న స్టాకు మిషను ఉంది. అరచేతిలో పట్టే ఆ చిన్న కంప్యూటరును చీరల పెట్టెకు చూపిస్తే చాలు, లోపల ఏమున్నాయో చెప్పేస్తుంది.

"నాయనా, దీన్నేం చేసినావు? రాత్రి బాగానే ఉండె. ఇప్పుడు కేబుల్ పెడితే లాప్‌టాప్‌కి కనెక్టే కావడం లేదు."

"నేనేం చేస్తానమ్మా," అంటూ ఆయన చూపు తిప్పుకున్నాడు. డెబ్బై ఏళ్లొచ్చినా ఆ మనిషికి అబద్ధమాడటం చేతకాలేదు.

నలభై ఏళ్లుగా ఏ చీర ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పినవాడు. ఈ మిషను ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు. ఇక తనతో పనేముంటుందని బెంగ.

శైలజ గొంతు పెరిగింది. "నీకు ఇంగ్లీషు రాదనే గదా, చీరల పేర్లు తెలుగులో చూపించే సాఫ్ట్‌వేర్ ఇంకోటి ఎక్కిస్తా ఉండేది! దాన్నే చెడగొడితివి. రేపటి నుంచి అంగడికి రావద్దులే, ఇంట్లోనే ఉండు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అనకూడని మాట అన్నానని ఆమెకు అప్పుడే తెలిసింది. ఏం చెయ్యాలో తోచక మళ్లీ కేబుల్ పెట్టబోతే దాని మొనకు ఎర్రగా ఏదో అంటింది. మిషనుకు కేబుల్ పెట్టే రంధ్రాన్ని టూత్ బ్రష్‌తో మెల్లగా తుడిస్తే కుంకుమ రాలింది.

"మీ అమ్మ ఉండింటే పెట్టేది గదా పాపా," అన్నాడాయన నేల చూస్తూ. "నువ్వు స్నానానికి పోయినప్పుడు నేనే పెట్టినా. చెయ్యి వణికి లోపలికి పోయినట్టుండాది. మంచిగా నడవాలనే పెట్టినా."

శైలజకు అమ్మ కళ్లముందు మెదిలింది. అంగడికి తొలిసారి ఫోను వచ్చిన రోజు తడి జుట్టుతోనే పరుగున వచ్చి, ఆ ఫోనుకు పసుపు రాసి బొట్టు పెట్టిన అమ్మ. కొత్త చీరలు దిగితే ముందుగా ముట్టుకుని పేరు పెట్టేది కూడా ఆమే. శైలజ కళ్లు తుడుచుకుంది.

ఈసారి మిషను కనెక్ట్ అయింది. సాఫ్ట్‌వేర్ ఎక్కింది. తెర మీద తెలుగు అక్షరాలు కనబడ్డాయి.

"పేర్లు చెప్పు నాయనా, రాస్తాను."

"వానమబ్బు. కందిపువ్వు. అత్తపోరు..."

"అత్తపోరా?"

"ఎన్నిసార్లు ఉతికినా రంగు వదలదని మీ అమ్మ పెట్టింది!" ఇద్దరూ నవ్వారు.

చివరి పెట్టె వంతు వచ్చేసరికి ఆయన ఆగిపోయాడు. "దీనికి పేరు లేదమ్మా. మీ అమ్మ పోయినాక వచ్చిన సరుకు. ఇప్పుడు అంగడి నీదే గదా, నువ్వే పెట్టు."

శైలజ మిషను పక్కన పెట్టి తండ్రి చెయ్యి పట్టుకుంది. "చీర చూడకుండా పేరెట్లా పెడతాం? లే నాయనా, అంగడికి పోదాం. నువ్వు అంగట్లో లేకుంటే నాకు చేతకాదు."

వెంకటగిరియప్ప చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.